ఉత్త ఇనుము పట్టుకున్నవాడు

ఏలీషా కుడిచేతి చిటికెనవేలు నిద్ర లేవడం మానేసింది.

మొదట్లో సైకిలు దిగిన కాసేపటికి లేచేది. చెయ్యి విదిలిస్తే జివ్వుమని చీమలు పాకినట్టయి, మళ్ళీ తన పనిలో తాను పడేది. తర్వాత పక్కనున్న ఉంగరపువేలు కూడా దానికి తోడైంది. ఇప్పుడు పొద్దున్నే చొక్కా గుండీలు పెట్టుకోబోతే ఆ రెండు వేళ్ళూ ఎవరి దగ్గరో అరువు తెచ్చి తగిలించుకున్నట్టున్నాయి.

ఎవరికీ చెప్పలేదు. ఏ మొహం పెట్టుకుని చెబుతాడు? అంతమంది ముందు అన్ని మాటలు అన్నాక!

గువ్వలదిబ్బ మీద చిన్న బౌద్ధ విహారం ఉంది. రేకుల కప్పు, వరసగా కొన్ని గదులు, ముందు వేపచెట్ల నీడలో నిలబెట్టిన సైకిళ్ళు. అక్కడి పెద్ద భిక్షువు సుమేధ భంతే. వానాకాలమంతా ఆయన విహారం వదిలి వెళ్ళరు. వానలు వెనకబట్టాక ఉపాసకుల్ని వెంటబెట్టుకుని సైకిళ్ళ మీద పల్నాటి ఊళ్ళు తిరగడానికి బయల్దేరతారు. దానికి చారిక అని పేరు. పగలు తొక్కడం, సాయంత్రం ఏ బడి వరండాలోనో దిగడం, వచ్చినవాళ్ళతో కూర్చోవడం. అంతే.

ఏలీషా ఎమ్మే చదివి, ఉద్యోగం వద్దనుకుని ఇక్కడికి వచ్చిన కుర్రాడు. పుస్తకాలు బాగా చదివాడు. చదివినదంతా నాలుక చివరే ఉండేది. కిందటేడు చారికకి వస్తానని అడిగితే భంతే "ఈసారి వద్దు" అన్నారు. ఏలీషా ఆ రెండు మాటల్నీ ఏడాది పొడుగునా నమిలాడు. ఈ ఏడు భంతే ఏమీ అనకుండానే వెళ్ళేవాళ్ళ పేర్లలో వాడి పేరు కూడా చదివారు. ఆ రోజు వాడికి నేల మీద కాళ్ళు ఆనలేదు.

బ్రేకు పట్టుకోలేని చేతిని ఎవరైనా చారికకి తీసుకెళ్తారా? తీసుకెళ్ళరు. అందుకే చెయ్యి జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడు.

అసలు జరిగింది ఇదీ. వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో గుంటూరు నుంచి ఒక అట్టపెట్టె వచ్చింది. భంతేకి తెలిసిన సైకిల్ షాపాయన పంపించాడు. అందులో హ్యాండిల్‌కి తొడిగే గ్రిప్పులు రకరకాలవి ఉన్నాయి. రబ్బరువి, స్పంజివి, తోలు చుట్టినవి, అరచేతి కింద రెక్కలా పరుచుకునేవి. హ్యాండిల్ చివర్లలో బిగించే పొట్టి కొమ్ములు కూడా ఉన్నాయి. దూరం తొక్కేవాళ్ళు మధ్యమధ్యలో చేతులు మార్చి పట్టుకోవడానికట.

అందరూ పెట్టె చుట్టూ చేరి ఒక్కోటీ పిసికి చూస్తుంటే ఏలీషా లేచి నిలబడ్డాడు.

"మనం వెళ్ళేది ఎవరి దగ్గరికి?" అన్నాడు.  "కాయలు కాచిన చేతుల దగ్గరికి. మెత్తటి పిడి పట్టుకున్న చేత్తో వాళ్ళకి దణ్ణం ఎలా పెడతాం? అందరికీ అందని సుఖం ఒక్కడి చేతిలో ఉంటే అది దొంగసొత్తు! మెత్తని అరచెయ్యి మెత్తబడిన పోరాటానికి గుర్తు! కాయలు కాచిన చేతులదే రేపటి రోజు!"

అంటూనే తన సైకిలుకున్న పాత గ్రిప్పుల్ని కత్తితో నిలువునా కోసి లాగేశాడు. కింద ఉత్త ఇనుము బయటపడింది.

కుర్రాళ్ళు చప్పట్లు కొట్టారు. పెద్దవాళ్ళు నేల చూపులు చూశారు. పెట్టెలోకి వెళ్ళిన చేతులు మెల్లగా బయటికి వచ్చేశాయి.

భంతే ఆ ఉపన్యాసమంతా శ్రద్ధగా విన్నారు. విని, "అన్నం తిన్నావా, ఏలీషా?" అన్నారు.

ఆ రోజు నుంచీ ఏలీషా ఉత్త ఇనుము పట్టుకునే తొక్కుతున్నాడు. కంకర రోడ్డు మీద తొక్కినప్పుడు ఇనుము పళ్ళ దాకా గిలకలా మోగేది. ఆ మోత వాడికి గర్వంగా ఉండేది.

*

ఆ విహారంలో ఒక పద్ధతి ఉంది. చారికకి ముందు ఎవరి సైకిలు వాళ్ళు సిద్ధం చేసుకోకూడదు. ఇంకొకరిది చెయ్యాలి. సీటు ఎత్తు, బ్రేకులు, హ్యాండిల్, అన్నీ. ఎవరి సైకిలు ఎవరికి పడుతుందో భంతే చెబుతారు.

ఆ ఏడు ఏలీషాకి రత్నం టీచర్ సైకిలు పడింది.

రత్నం టీచర్ హైస్కూల్లో హిందీ చెప్పి రిటైరయ్యారు. పొట్టి మనిషి. మంచాన పడ్డ భర్తకి ఏళ్ళ తరబడి సేవ చేసి, ఆయన పోయాక సైకిలు నేర్చుకున్నారు. ఆవిడకీ ఇదే మొదటి చారిక.

"నా సైకిలు ఎవరు చేస్తారు, భంతే?" అని అడిగాడు ఏలీషా.

"నేను" అన్నారు భంతే.

"నాకేమీ తగిలించకండి భంతే. ఉన్నది చాలు."

"అలాగే" అన్నారు భంతే. వెళ్ళి ఏలీషా సైకిలుకి గొలుసు తుడిచారు, చక్రాలకి గాలి చూశారు, బ్రేకు తీగలకి నూనె వేశారు. హ్యాండిల్ జోలికి పోలేదు.

ఏలీషా రత్నం టీచర్ సైకిలు ముందేసుకుని కూర్చున్నాడు. తన విషయం వేరు, ముసలావిడ విషయం వేరు అనుకున్నాడు. పాపం, పెద్దావిడ. పెట్టెలో వెతికి, అన్నిటికన్నా లావుగా, అన్నిటికన్నా మెత్తగా ఉన్న స్పంజి గ్రిప్పులు తీశాడు. నొక్కితే వేలు లోపలికి దిగిపోయేంత మెత్తన. సబ్బు నీళ్ళు పూసి కష్టపడి ఎక్కించాడు. కొమ్ములు కూడా పెట్టాడు, పట్టుకోవడానికి సుఖంగా ఉంటాయని ఎద్దు కొమ్ముల్లా పైకి నిలబెట్టి.

తన చేతికి చూపించని దయ అవతలివాళ్ళ చేతికి చూపించినందుకు మనసు తేలికపడింది. లేచి చేతులు దులుపుకున్నాడు. దులుపుకున్న సంగతి ఆ రెండు వేళ్ళకి మాత్రం తెలియలేదు.

మర్నాడు అందరూ దగ్గర్లో ఉన్న ఊరి దాకా తొక్కి వచ్చారు. రత్నం టీచర్ అందరికన్నా వెనక వచ్చారు. వచ్చి, సైకిలుని చెట్టుకి ఆనించి, మణికట్లు రెండూ పైటకొంగులో చుట్టుకుని అరుగు మీద కూలబడ్డారు.

"ఏమైంది టీచర్ గారూ?" అన్నాడు ఏలీషా.

"ఏమవుతుంది నాయనా? దారంతా రెండు గుమ్మడికాయలు పట్టుకుని తొక్కాను. వేళ్ళు చుట్టూ అందవు. అందకపోతే జారుతుందేమోనని ఇంకా గట్టిగా పిసకడం. బ్రేకు అందుకోవాలంటే సగం చెయ్యి వదలాలి. పైగా ఆ కొమ్ములొకటి! పట్టుకుంటే ఆవు మెడ పట్టుకుని దణ్ణం పెట్టినట్టుంది."

"మీకు మెత్తగా ఉంటుందని..."

"మెత్తగానే ఉంది. పరుపు మెత్తగా ఉందని దాన్ని పట్టుకుని చెట్టెక్కుతామా?" అని ఆవిడ నవ్వి, నవ్వు మధ్యలోనే నొప్పికి మొహం ముడిచారు. "ఒరే అబ్బాయ్, ఒక్క మాట అడుగుతా చెప్పు. నువ్వు వాటిని నా చేతికి కట్టావా, నా వయసుకి కట్టావా?"

 ఎదుటివాణ్ణి నిలబెట్టి ఊపిరాడనివ్వని వాక్యాలు ఏలీషా దగ్గర ఎన్నో ఉన్నాయి. ఒక్కటీ ఇక్కడ పనికి రాలేదు.

భంతే గదిలోంచి ఇదంతా వింటూనే ఉన్నట్టున్నారు. బయటికి వచ్చి, "ఏలీషా, పొయ్యి మీద నీళ్ళు మరుగుతున్నాయి. ఉప్పేసి, టీచర్ గారు చేతులు పెట్టుకోవడానికి తొట్టిలో పోసి పట్టుకురా. వేడి చూసి తీసుకురా" అన్నారు.

*

వంటింట్లో ఏలీషా తొట్టిలో చన్నీళ్ళు పోశాడు. పైన మరిగిన నీళ్ళు కలిపాడు. ఎడమచేతిలో చెంబు ఉంది, కుడిచేతి మూడు వేళ్ళతో మసిగుడ్డ వేసి తొట్టి అంచు పట్టుకున్నాడు. ఆ చేతికే మిగిలిన చివరి రెండు వేళ్ళూ వంచి నీళ్ళలో ముంచి చూశాడు.

చల్లగానే ఉన్నట్టు తోచాయి. ఇంకో చెంబు మరుగునీళ్ళు పోశాడు. మళ్ళీ ముంచాడు. గోరువెచ్చన కూడా కాలేదు అనిపించింది. ఇంకో చెంబు పోశాడు.

తొట్టి తెచ్చి అరుగు మీద రత్నం టీచర్ ముందు పెట్టాడు. ఆవిడ పైటకొంగు విప్పుకుంటున్నారు.

"ఉండండి టీచర్ గారూ" అన్నారు భంతే. ఆవిడ కన్నా ముందు తన కుడిచెయ్యి తొట్టిలో పెట్టారు.

ఆయన అరవలేదు. చెయ్యి విసురుగా లాక్కోలేదు కూడా. ఊపిరి ఒకటి లోపలికి పీల్చుకుని, చెయ్యి బయటికి తీశారు. మణికట్టు దాకా ఎర్రగా, వేరే మనిషి చెయ్యిలా ఉంది. ఒంటి మీది చీవరం కొసతో నెమ్మదిగా అద్దుకున్నారు.

రత్నం టీచర్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు.

ఏలీషాకి మొదట అర్థం కాలేదు. తర్వాత నీళ్ళ మీద లేస్తున్న ఆవిరి కనిపించింది. అది ఇందాకటి నుంచీ లేస్తూనే ఉంది. వాడు వేళ్ళని నమ్మాడు గానీ కళ్ళతో చూడలేదు.

"ఏ వేళ్ళతో చూశావు?" అన్నారు భంతే.

ఏలీషా ఆ రెండు వేళ్ళూ చూపించాడు.

"వాటికి తెలుస్తోందా?"

వాడు తల అడ్డంగా ఊపాడు. ఊపాక ఇక ఆగలేదు. ఎప్పటి నుంచో, ఎలా మొదలైందో, గుండీలు ఎడమచేత్తో పెట్టుకోవడం, దిగుడులో బ్రేకు పట్టలేక చెప్పులు నేలకి రాసి బండి ఆపుకోవడం, అంతా చెప్పేశాడు. చెబుతుంటే గొంతు చిన్నపిల్లవాడిదైపోయింది.

"నన్ను వదిలేసి వెళ్ళకండి భంతే" అన్నాడు చివరికి.

భంతే చన్నీళ్ళ కుండ దగ్గరికి వెళ్ళి చెయ్యి అందులో పెట్టుకుని నిలబడ్డారు.

"ముందు టీచర్ గారి నీళ్ళు సరిగ్గా కలుపు" అన్నారు. "ఈసారి మోచేత్తో చూడు."

*

మర్నాడు రత్నం టీచర్ వాణ్ణి తన మేనల్లుడు కాంపౌండరుగా ఉన్న ఆసుపత్రికి లాక్కెళ్ళారు. డాక్టరు అరచేతి వెలుపలి అంచు మీద వేలితో తట్టి చూసి, అక్కడి నుంచి పోయే నరం నలిగిందన్నాడు. కొన్నాళ్ళు సైకిలు ముట్టకపోతే స్పర్శ తిరిగొస్తుంది, ఇలాగే తొక్కితే మాత్రం హామీ ఇవ్వలేనన్నాడు.

"దేని మీద ఆనించి తొక్కావయ్యా ఇంతగా?" అని అడిగాడు.

"సిద్ధాంతం మీద" అన్నారు రత్నం టీచర్.

విహారానికి తిరిగి వచ్చేసరికి భంతే వేపచెట్టు కింద అట్టపెట్టె పక్కన పెట్టుకుని కూర్చున్నారు. ఆయన చేతికి నెయ్యి రాసి గుడ్డ చుట్టి ఉంది. ఎదురుగా ఏలీషా సైకిలు.

"నీ సైకిలు నాకు పడింది కదా. చెయ్యి ఇలా ఇవ్వు" అన్నారు.

ఏలీషా చెయ్యి ఇచ్చాడు. భంతే దాన్ని బోర్లా తిప్పి, వెల్లకిలా తిప్పి, చూపుడువేలి కొసని బొటనవేలికి తాకించి ఎంత గుండ్రం వస్తుందో చూశారు. పెట్టెలోంచి ఒక్కో గ్రిప్పూ తీసి ఆ గుండ్రంలో పెట్టి చూశారు. చాలా లావు. చాలా సన్నం. ఇది జారుతుంది. ఇది సరే గానీ అంచు గుచ్చుకుంటుంది. చివరికి గట్టి రబ్బరుది, అరచేతి అంచు కింద రెక్కలా పరుచుకునేది ఒకటి పక్కన పెట్టారు.

ఏలీషా ఆయన పని చేస్తున్నంతసేపూ ఆ గుడ్డ వైపే చూస్తున్నాడు.

"భంతే," అన్నాడు, "నేను అన్నదాంట్లో తప్పేముంది? జీవితమంతా రాయీ రప్పా పట్టుకునేవాళ్ళ చేతులకి లేనిది నా చేతికెందుకు?"

"వాళ్ళ దగ్గరికి వెళ్ళి ఏం చేద్దామని?"

"వాళ్ళతో చెయ్యి కలుపుదామని."

"ఏ చెయ్యి?" అన్నారు భంతే.



భంతే రెక్క గ్రిప్పుని ఇనుము మీదికి ఎక్కించి, రెక్క ఎంత వాలుగా ఉండాలో ఏలీషా చెయ్యి పెట్టించి చూసి, మరీ పైకి లేవకుండా, మరీ కిందికి దిగకుండా బిగించారు. తర్వాత పెట్టెలోంచి కొమ్ములు తీశారు.

"ఇవి కూడానా? గ్రిప్పు బాగానే ఉంది కదా భంతే?"

"బాగానే ఉంటుంది. ఎంత బాగున్నా ఒకే చోట పట్టుకుని వేలాడితే ఏ చెయ్యైనా చచ్చుబడుతుంది. అప్పుడప్పుడూ పట్టు మార్చాలి."

ఏలీషా ఆయన మొహంలోకి అనుమానంగా చూశాడు.

"ఇప్పుడు మీరు చేతి గురించే మాట్లాడుతున్నారా భంతే?"

"పానా ఇటివ్వు" అన్నారు భంతే.

బిగించడం అయిపోయాక ఆయన లేచి చెప్పారు. "మేము బయల్దేరతాం. నువ్వు వేళ్ళు లేచాక రా. మెల్లగానే పోతుంటాం, అందుకోవచ్చు."

"లేవకపోతే?"

"ఇన్నాళ్ళూ నువ్వు వాటిని లేవనివ్వలేదు కదా. చూద్దాం."

వాళ్ళు బయల్దేరే ముందు ఏలీషా ఇంకో పని చేశాడు. పెట్టె ఎత్తుకుని వెళ్ళి రత్నం టీచర్ ముందు పెట్టాడు. "టీచర్ గారూ, మీరు హ్యాండిల్ ఎలా పట్టుకుంటారో ఒకసారి చూపిస్తారా?" అన్నాడు.

ఆవిడ కళ్ళద్దాల మీదుగా చూశారు. "అమ్మయ్య. పాఠం మొదటి పేజీకి వచ్చాం" అన్నారు.

అది చిన్న పని కాలేదు. ఆవిడది ఎంత చిన్న చెయ్యో వాడికి అప్పుడు తెలిసింది. ఏళ్ళ తరబడి భర్తని మంచం మీద ఒత్తిగిలపెట్టి బొటనవేలి మొదట్లో కీలు అరిగిపోయిందనీ, అక్కడ ఏది తగిలినా ప్రాణం పోతుందనీ అప్పుడు తెలిసింది. ఒకటి ఎక్కించడం, ఆవిడ దిబ్బ చుట్టూ ఒక చుట్టు తొక్కి రావడం, పెదవి విరవడం, అది పీకడం, ఇంకోటి ఎక్కించడం. ఎద్దు కొమ్ముల్ని తీసి బాగా పొట్టివి పెట్టి, చెయ్యి చాపితే సహజంగా ఎటు పోతుందో అటు వాల్చాడు. చివరికి ఆవిడ ఒక చుట్టు పోయి, ఇంకో చుట్టు కూడా పోయారు. అడగకుండానే.

"బాగుందా?" అని అరిచాడు ఏలీషా.

ఆవిడ అప్పటికే గంట కొట్టుకుంటూ మూడో చుట్టు పోతున్నారు.

*

వాళ్ళు వెళ్ళాక విహారం ఖాళీ అయింది. ఏలీషా ఊడ్చాడు, మొక్కలకి నీళ్ళు పోశాడు, ఎడమచేత్తో అన్నం వార్చాడు. పుస్తకం తెరిస్తే తన పాత వాక్యాలే ఎదురొచ్చేవి. మూసేసేవాడు. కోపం మాత్రం పోలేదు. ఈ లోకంలో కొందరి చేతులు పువ్వుల్లా, ఇంకొందరి చేతులు కట్టెల్లా ఎందుకుండాలన్న మంట అలాగే ఉంది. దాన్ని ఎటు తిప్పాలో మాత్రం తెలియడం లేదు.

ఒకరోజు పొద్దున గుండీ పెట్టుకుంటుంటే చిటికెనవేలికి గుండీ అంచు తగిలింది. తగిలినట్టు తెలిసింది. వాడు చాలాసేపు ఆ గుండీని పెడుతూ తీస్తూ కూర్చున్నాడు.

ఇంకొన్నాళ్ళు ఆగి, డాక్టరుకి చూపించుకుని, ఆయన సరేనన్నాక, వస్తున్నానని భంతేకి కబురు పెట్టి బయల్దేరాడు. సంచిలో బట్టలు, పానాలు, కత్తెర, పంక్చరు పడితే మార్చుకోవడానికి ఒక ట్యూబు. ఉత్త ఇనుము మోత ఇప్పుడు లేదు. రోడ్డు గతుకులు అరచేతి దాకా వచ్చి ఆగిపోతున్నాయి. కాసేపు గ్రిప్పులు, కాసేపు కొమ్ములు. కొమ్ములు పట్టుకుంటే ఛాతీ విచ్చుకుని, తల పైకి లేచి, చుట్టూ ఉన్న మిరప చేలు కనిపించేవి. ఇదివరకు వాడికి దారి మొత్తం ముందు చక్రం మాత్రమే.

భంతే వాళ్ళు దిగిన ఊరు ఇంకాస్త దూరం ఉందనగా రోడ్డు పక్కన రాతి క్వారీ వచ్చింది. కర్రలు పాతి గోనెపట్టాల నీడలు కట్టుకుని ఆడవాళ్ళు కూర్చుని కంకర కొడుతున్నారు. నీళ్ళ కోసం ఏలీషా ఆగాడు.

నీళ్ళిచ్చిన ఆవిడ పేరు నాగేంద్రం. వాడు తాగుతుంటే ఆవిడ సైకిలు చుట్టూ తిరిగి చూసింది.

"దీనికి కొమ్ములేందబ్బాయ్? పొడిచిద్దా?"

"పొడవదమ్మా. పట్టుకోవడానికి."

ఆవిడ గ్రిప్పు మీద చెయ్యి వేసింది.  ఆ చెయ్యి మీద కాయలు కాదు, పగుళ్ళున్నాయి. వాటిలో రాతి పొడి ఇంకిపోయి తెల్లటి గీతలైంది. ఇప్పుడు ఈవిడ ఏమంటుందో వాడికి తెలుసు. ఈవిడ తరఫున ఆ మాటలు వాడే ఎన్నోసార్లు అన్నాడు.

నాగేంద్రం రబ్బరు నొక్కి చూసింది. రెక్క మీద అరచెయ్యి ఆనించింది. కాసేపు అలాగే ఉంచింది.

"బలే ఉంది" అంది. "ఇట్టాంటిది నా సుత్తికుంటే ఎంత బాగుండును!"

ఏలీషా గ్లాసు కింద పెట్టాడు. సంచిలోంచి పానా తీశాడు. గ్రిప్పు బోల్టు మీద పెట్టి తిప్పబోయాడు.

"ఏందది?" అంది ఆవిడ.

"మీకిస్తానమ్మా. తీసుకోండి."

"నువ్వేం పట్టుకుని పోతావ్?"

"నాకు ఇనుము చాలు."

"ఓసోస్! చాలంట!" అంది నాగేంద్రం చుట్టూ ఉన్నవాళ్ళకి వినపడేలా. "ఇంటిరా? ఈ అబ్బాయికి చేతులక్కర్లేదంట!" ఆడవాళ్ళు నవ్వారు. ఆవిడ మాత్రం వాడి వైపు తిరిగి మామూలుగా చెప్పింది. "నాకు లేదని నువ్వు పీక్కుంటే నాకేం ఒరిగిద్దయ్యా? నాకూ ఉండాలి, నీకూ ఉండాలి. కాదా?"

పానా బోల్టు మీదే ఆగిపోయింది.

కొంచెం సేపటికి వాడు పానా సంచిలో పెట్టేశాడు. ట్యూబు తీశాడు. ఒక్క క్షణం దాన్ని చేతిలో తూచినట్టు పట్టుకుని, కత్తెరతో అడ్డంగా కోశాడు.

"సుత్తి ఎట్టా పట్టుకుంటారో చూపించండమ్మా" అన్నాడు.

ఆవిడ చూపించింది. వాడు రబ్బరుని పట్టీలుగా కోసి, సాగదీస్తూ పిడి చుట్టూ చుట్టాడు. ఆవిడ నాలుగు దెబ్బలు కొట్టి "జారతంది" అంది. విప్పాడు. ఈసారి వరస మీద వరస ఎక్కించి చుట్టాడు. "లావైంది." విప్పాడు. ఎండ నడినెత్తికి వచ్చింది. చెమట కంట్లోకి కారుతోంది. చిటికెనవేలితో పట్టీ కొస నొక్కి పట్టి, మళ్ళీ మొదలుపెట్టాడు.

మూడోసారి నాగేంద్రం రాయి మీద గట్టిగా ఒకటి వేసింది. రాయి రెండైంది. ఆవిడ ఆగి, సుత్తి వైపు చూసి, ఇంకోటి వేసింది.

"దెబ్బ చేతికి రావట్లా" అంది. "రాయికే పోతంది."

ఏలీషా నోరు తెరిచాడు. చెప్పవలసింది ఎంతో ఉన్నట్టు తోచింది. అంతలో పక్క పట్టా కిందావిడ లేచి వచ్చి తన సుత్తి వాడి ఒళ్ళో పడేసింది. "నాది ఎడంచేతి వాటం, చూసి కట్టు" అంది. ఆవిడ వెనక ఇంకో ఇద్దరు వస్తున్నారు. వాడు నోరు మూసుకుని కత్తెర తీసుకున్నాడు.

ఇంతసేపైనా రాలేదేమని భంతే ఎదురు బయల్దేరినట్టున్నారు. రోడ్డు మలుపులో సైకిలు దిగి, నడిపించుకుంటూ వచ్చి, గోనెపట్టా పక్కన నిలబడ్డారు. ఏలీషా చూడలేదు. తల వంచుకుని ఎవరి చెయ్యో పట్టుకుని, వేళ్ళు పిడి మీద ఎక్కడెక్కడ ఆనుతున్నాయో చూస్తున్నాడు.

"ఇంకా కొంచెం పైకి పట్టుకుంటారామ్మా? ఇక్కడికా?"

"ఇంకాస్త. ఆఁ."

చుట్టడానికి పట్టీ కోసం చెయ్యి చాపితే ఏమీ తగల్లేదు. ట్యూబు అయిపోయింది. తల ఎత్తేసరికి భంతే కనిపించారు.

"రబ్బరు అయిపోయింది భంతే" అన్నాడు ఏలీషా. "ఇంకా ఇద్దరివి ఉన్నాయి."

భంతే సైకిలుని రాళ్ళగుట్టకి ఆనించారు. భుజాన ఉన్న జోలె దించి, అందులోంచి తన ట్యూబు తీసి వాడి ఒళ్ళో పెట్టారు. చీవరం సర్దుకుని, వాడి పక్కనే కంకర మీద కూర్చున్నారు.

"ఇది కూడా కోసేస్తే, దారిలో పంక్చరైతే ఎట్లా భంతే?"

"నడుద్దాం" అన్నారు భంతే.